యాంటీవైరస్: నమ్ముకున్నదే మేలా, మార్చుకుంటే మేలా?

ఈ నెల తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా యాంటీవైరస్ గురించే. ఏళ్ళ తరబడి ఒకదాన్నే పట్టుకుని ఉన్నవాళ్ళు కొందరు, ఏటా మార్చేవాళ్ళు కొందరు. అందరికీ పనికొచ్చే ప్రశ్నలు ఏరి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: తిరుపతి గాంధీ రోడ్డులో మాకు స్టేషనరీ హోల్‌సేల్ కొట్టు ఉంది. బిల్లింగుకు రెండు కంప్యూటర్లు. 2013 నుంచి ఒకే యాంటీవైరస్ వాడుతున్నాం. గడువు తీరగానే మళ్ళీ అదే డబ్బా కొని కీ కొట్టుకుంటాం. ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదు. ఇంజనీరింగు చదివే మావాడు అది తీసేసి విండోస్‌తో వచ్చేదే వాడదామంటాడు. అమ్మే ఆయన ఇంకో కంపెనీది తీసుకోమంటాడు. ఇన్నేళ్ళు నమ్ముకున్నదాన్ని వదలాలంటే మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ఇన్నేళ్ళు ఇబ్బంది రాలేదంటే అందులో యాంటీవైరస్ వాటా ఎంతో, మీ జాగ్రత్త వాటా ఎంతో చూడాలి. బిల్లింగు కంప్యూటర్లో సినిమాలు దించుకోకుండా, ఎవరి పెన్‌డ్రైవ్ పడితే వాళ్ళది గుచ్చకుండా ఉంటే ఏ యాంటీవైరస్‌తోనైనా పదేళ్ళు గడిచిపోతాయి. ఏమీ రాలేదు కదా అని ఆ మార్కులన్నీ కంపెనీ ఖాతాలో వేయకండి.

అలాగని పాతదాన్నే వాడటం తప్పు కాదు. అలవాటుకు విలువ ఉంది. దాని హెచ్చరిక ఎలా కనిపిస్తుందో మీ కొట్లో పనిచేసే పిల్లలకు తెలుసు. బ్రౌజర్లో ‘మీ కంప్యూటర్లో వైరసులున్నాయి, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని ఏదో ఎగిరితే అది మనది కాదని చూడగానే పసిగడతారు. తరచూ మార్చేచోట ఈ పసిగట్టడం పోతుంది. దొంగ హెచ్చరికకు ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా అక్కడే.

కానీ పేరున్న కంపెనీ అయినంత మాత్రాన పూర్తి పూచీ ఉందనుకోకండి. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ విడుదల చేసిన 5958 నంబరు అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీలో అతి ముఖ్యమైన ఎస్‌వీసీహోస్ట్ ఫైలునే వైరస్ అనుకుని తీసేసింది. ప్రపంచమంతటా ఆఫీసుల్లో కంప్యూటర్లు మాటిమాటికీ రీస్టార్టవుతూ, నెట్‌వర్కు అందక పడిపోయాయి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగాయి. ఆ వేళ అక్కరకొచ్చేది బ్యాకప్ ఒక్కటే. మీ బిల్లింగు డేటాను రోజూ ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి తీసి, పని అవగానే కేబుల్ పీకి పక్కన పెట్టండి. తగిలించే ఉంచితే, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు గుంజే ర్యాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది. యాంటీవైరస్ ఎంపిక దీని తర్వాతి మాట.

ఇక మార్చాల్సిన సందర్భాలు. మీ విండోస్ వెర్షన్‌కు ఆ కంపెనీ అప్‌డేట్లు ఆపేస్తే మార్చక తప్పదు. జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారటివ్స్ అనే రెండు సంస్థలు ఈ ఉత్పత్తులను ఎప్పటికప్పుడు పరీక్షించి ఫలితాలు ఉచితంగా చూపిస్తాయి. ఏవీ-టెస్ట్ రక్షణకు 6, వేగానికి 6, వాడకంలో తప్పుడు హెచ్చరికలు లేనందుకు 6, మొత్తం 18 మార్కులు వేస్తుంది. ఒకసారి అర మార్కు తగ్గితే కంగారు పడనక్కర్లేదు. వరసగా రెండు మూడు పరీక్షల్లో రక్షణ మార్కు జారుతుంటే మాత్రం ఆలోచించాలి. కంపెనీ నడవడిక కూడా చూడాలి. అవాస్ట్ తన వాడకందార్ల బ్రౌజింగు సమాచారాన్ని జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 ఫిబ్రవరిలో కోటీ 65 లక్షల డాలర్లు కట్టించింది. కాపలాకు పెట్టుకున్నవాడే ఇంటి గుట్టు అమ్మితే పాత పరిచయమని ఊరుకోలేం. అదే ఏడాది కాస్పర్‌స్కీని అమెరికా ప్రభుత్వం తమ దేశంలో నిషేధించింది. అక్కడి వాడకందార్ల కంప్యూటర్లలో సెప్టెంబరులో దాని స్థానంలో అల్ట్రాఏవీ అనే వేరే ఉత్పత్తి దానంతటదే వచ్చి కూర్చుంది. మీరు ఒక పేరుకు కట్టుబడి ఉన్నా ఆ పేరు వెనక మనుషులు మారవచ్చు. ఏవీజీని అవాస్ట్ 2016లో కొన్నది. 2022లో అవాస్ట్, నార్టన్ కలిసి జెన్ డిజిటల్ అయ్యాయి. అవైరా కూడా ఆ గూటిదే. అవాస్ట్ నుంచి ఏవీజీకి మారితే మారేది రంగే, లోపలి ఇంజన్ ఒకటే.

మీవాడు చెప్పిందీ కొట్టిపారేసేది కాదు. విండోస్‌తో వచ్చేదాని పేరు డిఫెండర్. విండోస్ 8 నుంచి అది పూర్తి యాంటీవైరస్‌గా విండోస్‌లో భాగం. ఇటీవలి ఏళ్ళలో ఏవీ-టెస్ట్‌లో చాలాసార్లు 18కి 18 తెచ్చుకుంది. మీ కంప్యూటర్లలో విండోస్ 11 ఉండి, అప్‌డేట్లు సరిగ్గా పడుతూ, నెట్ ఎప్పుడూ ఉండేటట్టయితే అది చాలు. డబ్బు కట్టిన రోజులు మిగిలి ఉంటే ఇప్పుడే తీయకండి. గడువుకు నెల ముందు ఒక కంప్యూటర్లో కొలిచి చూడండి. 5 జీబీ ఫోల్డరు ఒకటి తీసుకుని, రీస్టార్ట్ చేశాక ఇంకోచోటికి కాపీ కొట్టి, ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. పాతది తీసి డిఫెండర్ ఆన్ అయ్యాక మళ్ళీ రీస్టార్ట్ చేసి అదే ఫోల్డరు కాపీ చేయండి. రీస్టార్ట్ మరిచిపోతే రెండోసారి ఫైళ్ళు ర్యామ్ లోంచి వస్తాయి, లెక్క తప్పుతుంది. తేడా మీకే తెలుస్తుంది. అమ్మే ఆయన చెప్పేదానికంటే ఆ సెకన్ల లెక్క మీద నిర్ణయం తీసుకోండి.

ప్రశ్న: నేను ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్లో ఉంటాను. ట్రయల్ అయిపోగానే ఇంకో కంపెనీ ట్రయల్ వేసుకుంటూ రెండేళ్ళలో నాలుగు మార్చాను. ఇప్పుడు టాస్క్ మేనేజర్లో డిస్కు ఎప్పుడూ 100 శాతం చూపిస్తోంది. ఆఖరిది తీసేశాక కొన్నిసార్లు నెట్ కూడా రావడం లేదు. రెండు యాంటీవైరస్‌లు ఉంటే రక్షణ రెట్టింపు అని ఒక ఫ్రెండ్ అన్నాడు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. మీ కష్టమంతా అక్కడే ఉంది. మీరు ఒక ఫైలు తెరవగానే అది మీకు చేరకముందే యాంటీవైరస్ ఫిల్టర్ డ్రైవర్ దాన్ని ఆపి చూస్తుంది. ఈ డ్రైవర్ విండోస్ లోతుల్లో కూర్చుని ఉంటుంది. అలాంటివి రెండుంటే మొదటిది ఫైలు చదవడాన్ని రెండోది మళ్ళీ ఆపి చూస్తుంది. ఒకరు దాచిన వైరస్ నమూనాను ఇంకొకరు వైరస్ అని పట్టుకుంటారు. డిస్కు 100 శాతానికి వెళ్ళేది, నీలి తెర వచ్చేది ఇందుకే. డబ్బు కట్టినది వేసుకోగానే డిఫెండర్ తనంతట తాను తప్పుకునేది కూడా ఈ గొడవ రాకూడదనే. అడిగినప్పుడు మాత్రమే స్కాన్ చేసేవి పక్కన ఉన్నా పర్వాలేదు. మాల్‌వేర్‌బైట్స్ ఉచిత రకం, మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ అలాంటివి. సేఫ్టీ స్కానర్ దించుకున్న 10 రోజులకు చెల్లదు, అప్పుడు కొత్తది దించుకోవాలి.

కంట్రోల్ ప్యానెల్లో అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే పైపైన పోతుంది. డ్రైవర్లు, నెట్‌వర్కు ఫిల్టర్లు చాలాసార్లు మిగిలిపోతాయి. మీకు నెట్ పోవడం ఆ మిగిలిన ఫిల్టర్ పనే కావచ్చు. కాబట్టి ఈ వరసలో కదలండి.

ముందుగా ఏమీ తీయకుండానే, ఇంతవరకు వాడిన నాలుగు కంపెనీల తొలగింపు టూళ్ళనూ వాళ్ళ వాళ్ళ సొంత సైట్ల నుంచే దించుకుని పెట్టుకోండి. మెకాఫీకి ఎంసీపీఆర్, అవాస్ట్‌కు అవాస్ట్ క్లియర్, కాస్పర్‌స్కీకి కావ్‌రిమూవర్, ఈసెట్‌కు ఈసెట్ అన్‌ఇన్‌స్టాలర్ అని ఉంటాయి. గూగుల్‌లో పైన వచ్చే ప్రకటన లింకుల జోలికి పోకండి. డబ్బు కట్టిన లైసెన్సు ఏదైనా ఉంటే కీ, దానికిచ్చిన ఈమెయిల్ కాగితం మీద రాసుకోండి. యాంటీవైరస్ అనుమానించిన ఫైళ్ళను బంధించి ఉంచే క్వారంటైన్ తెరిచి చూడండి. పొరపాటున పట్టుకున్న మీ ప్రాజెక్టు ఫైలేదైనా అందులో ఉంటే ఇప్పుడే వెనక్కి తెచ్చుకోవాలి. క్వారంటైన్‌లోవి గుప్తంగా మార్చి దాస్తారు, ప్రోగ్రామ్ పోయాక తెరవడం కష్టం.

తర్వాత సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లోకి వెళ్ళి తీసేయండి. యాంటీవైరస్‌తో పాటు వచ్చిన వీపీఎన్, క్లీనర్, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ విడిగా కనిపిస్తాయి, వాటినీ తీయాలి. ఇప్పుడు రీస్టార్ట్ నొక్కండి, షట్‌డౌన్ కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ లోపలి భాగం నిద్రపోతుందే కానీ పూర్తిగా దిగదు, పాత డ్రైవర్ అలాగే ఉండిపోతుంది. రీస్టార్ట్ అయ్యాక ఒక్కో టూలును నడిపి, ఒక్కోదాని తర్వాత రీస్టార్ట్ చేయండి. ఈసెట్ టూలును సేఫ్ మోడ్‌లోనే నడపాలి. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ క్లిక్ చేస్తే నీలి మెనూ వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్ వరకు వెళ్ళి 4 నొక్కాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లు అక్కడ డిస్కు తాళం తీసే 48 అంకెల బిట్‌లాకర్ కీ అడుగుతాయి. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉంటుంది. ఫోన్లో తెరిచి ముందే రాసి పెట్టుకోకపోతే మధ్యలో ఇరుక్కుంటారు.

ఇంకా నెట్ రాకపోతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్, నెట్‌వర్క్ రీసెట్. హాస్టల్ వైఫై పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టాల్సి రావచ్చు. చివరగా విండోస్ సెక్యూరిటీ తెరిచి, సెట్టింగ్స్‌లో మేనేజ్ ప్రొవైడర్స్ చూడండి. యాంటీవైరస్ కింద ఒక్క పేరే ఆన్‌లో ఉండాలి. మీకు డిఫెండర్ చాలు. ట్రయల్ మీద ట్రయల్ వేసుకోవడం ఇక మానండి. ఇలా తిరిగే ప్రతి మార్పులోనూ రక్షణ లేని గంటలు కొన్ని ఉంటాయి.

ప్రశ్న: చిత్తూరులో డీటీపీ సెంటర్ నడుపుతున్నాం. శుభలేఖలు, కరపత్రాలు ఎక్కువ. జనం తెచ్చే పెన్‌డ్రైవులతో షార్ట్‌కట్ వైరస్ తిరిగి తిరిగి వస్తోంది. ఇది పట్టలేదని యాంటీవైరస్ మార్చాం. కొత్తది మా తెలుగు కీబోర్డు ప్రోగ్రామునే వైరస్ అని ఆపేసింది. డిజైన్ కంప్యూటరుకు నెట్ ఉండదు.

జవాబు: నెట్ ఉండదన్నారే, అదే అసలు విషయం. ఇప్పటి యాంటీవైరస్‌లు కొత్త ఫైలు కనిపిస్తే కంపెనీ సర్వరును అడిగి నిర్ణయిస్తాయి. నెట్ తెగితే వాటి పట్టు తగ్గుతుంది. డిఫెండర్‌కు ఈ లోటు ఎక్కువ. మీలాంటి కంప్యూటరుకు ఏవీ-కంపారటివ్స్ వాళ్ళ మాల్‌వేర్ ప్రొటెక్షన్ పరీక్షలో ఆఫ్‌లైన్ డిటెక్షన్ అనే వరస చూసి, అందులో పైనున్నది ఎంచుకోండి. వారానికి ఒక్కసారైనా నెట్ పెట్టి అప్‌డేట్ చేయాలి. ఇది చేయకుండా కంపెనీ మార్చి లాభం లేదు.

షార్ట్‌కట్ వైరస్ చేసే మాయ ఇంతే. అసలు ఫోల్డర్లకు హిడెన్, సిస్టమ్ అనే రెండు గుర్తులూ తగిలించి దాచేస్తుంది, అదే పేరుతో షార్ట్‌కట్ పెడుతుంది. మీరు నొక్కితే ముందు వైరస్ నడిచి, వెంటనే అసలు ఫోల్డరూ తెరుచుకుంటుంది. ఫోల్డరు తెరుచుకుంది కదా అని ఎవరికీ అనుమానం రాదు. ఫైళ్ళు ఎక్కడికీ పోలేదు. ముందు మీ కంప్యూటరును శుభ్రం చేసుకోండి, లేకపోతే బాగుచేసిన పెన్‌డ్రైవ్ గుచ్చగానే మళ్ళీ అంటుకుంటుంది. తర్వాత ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఆప్షన్స్, వ్యూ ట్యాబులో షో హిడెన్ ఫైల్స్ ఎంచుకుని, హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ దగ్గర టిక్కు తీయండి. వెలిసిపోయినట్టు కనిపించే అసలు ఫోల్డర్లోంచి మీకు కావలసిన ఫొటోలు, ఫైళ్ళు మాత్రం వేరే చోటికి కాపీ చేసుకోండి. షార్ట్‌కట్లను, పేరు తెలియని స్క్రిప్టు ఫైళ్ళను ముట్టుకోకండి. కస్టమరును అడిగి పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి, ఫైళ్ళు తిరిగి వేసివ్వండి. ఆటోప్లే ఆఫ్ చేయండి. వీలైతే పెన్‌డ్రైవులు గుచ్చడానికి ఒక పాత కంప్యూటరు విడిగా ఉంచండి. శుభలేఖ ఫొటోలు చాలామంది వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపగలరు. అలా పంపితే ఫొటో నాణ్యత కూడా తగ్గదు.

కీబోర్డు ప్రోగ్రాము సంగతి. తెలుగు అక్షరం పడాలంటే మీరు నొక్కే ప్రతి కీనీ ఆ ప్రోగ్రాము మధ్యలో అందుకుని మార్చాలి. పాస్‌వర్డులు దొంగిలించే కీలాగర్ చేసేదీ అదే. అందుకే యాంటీవైరస్‌లు వీటిని అనుమానిస్తాయి. మీది డబ్బిచ్చి కొన్న అసలు కాపీ అయితే దాని ఇన్‌స్టాలర్ ఫైలును వైరస్‌టోటల్ సైటులో పెట్టి చూడండి. 70కి పైగా ఇంజన్లు ఒకేసారి చూస్తాయి. ఒకటి రెండు మాత్రమే ఎర్రగా చూపిస్తే తప్పుడు హెచ్చరిక కావచ్చు. ముప్పై చూపిస్తే మీ దగ్గరున్నది ఎవరో క్రాక్ చేసిన కాపీ కావచ్చు, వెంటనే తీసేయండి. కస్టమర్ల ఆధార్, పెళ్ళి వివరాల వంటి ఫైళ్ళు మాత్రం అక్కడ ఎక్కించకండి, అక్కడ పెట్టినవి ఇతర సంస్థలకూ అందుతాయి. అంతా సరిగ్గా ఉంటే ఆ ఒక్క ప్రోగ్రాము ఫైలుకే మినహాయింపు ఇవ్వండి. తేలికని డీ డ్రైవ్ మొత్తానికి ఇచ్చేవాళ్ళున్నారు. వైరస్‌కు అది తలుపు తెరిచి పెట్టినట్టే.

ప్రశ్న: శ్రీకాళహస్తి నుంచి రాస్తున్నాను. మా పాత కంప్యూటర్లో విండోస్ 10 ఉంది, 11 ఎక్కదంటున్నారు. మంచి పెయిడ్ యాంటీవైరస్ కొంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. విండోస్ 10కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగాయి. విండోస్‌లోనే చిల్లు ఉంటే యాంటీవైరస్ దాన్ని పూడ్చలేదు, లోపలికొచ్చినవాణ్ణి పట్టుకోవడానికి ప్రయత్నిస్తుందంతే. 2017 మే 12న మొదలైన వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్‌ను గుర్తు చేసుకోండి. ఆ చిల్లుకు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే అతుకు ఇచ్చింది. వేసుకోనివాళ్ళే ఎక్కువ దెబ్బతిన్నారు. చిత్తూరు జిల్లాతో సహా మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి.

2026 అక్టోబరు 13 దాకా అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే ఈఎస్‌యూ పథకం ఉంది. మీ విండోస్ 10 వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి. విండోస్ అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ నౌ అని కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయి సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టనక్కర్లేదు. యాంటీవైరస్‌కు పెట్టబోయే డబ్బు వేరే కంప్యూటరు కోసం దాచుకోండి. బ్యాంకు పనులు ఆ పాతదానిలో చేయకండి.

ప్రశ్న: యాంటీవైరస్ గడువు అయిపోయిందని మానేశాను. అయినా కార్డు నుంచి డబ్బు కట్ అయింది. ఆపడం ఎలా? (పుత్తూరు)

జవాబు: మొదట కొన్నప్పుడు ఆటో రెన్యువల్‌కు ఒప్పుకుని ఉంటారు. ప్రోగ్రాము తీసేసినా ఆ ఒప్పందం పోదు. కంపెనీ సైటులో మీ అకౌంటులోకి వెళ్ళి ఆటో రెన్యువల్ ఆఫ్ చేయండి, రీఫండు గడువు ఉందేమో అక్కడే చూడండి. బ్యాంకు యాప్‌లో ఈ-మ్యాండేట్ల జాబితాలోనూ రద్దు చేయండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం డబ్బు తీయడానికి 24 గంటల ముందు మీకు కబురు రావాలి. రాకుండా తీస్తే బ్యాంకుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఈ గొడవలు వద్దనుకునేవాళ్ళు కొట్లో డబ్బా కొనుక్కుని, కార్డు వివరాలు ఎక్కడా ఇవ్వకుండా కీతో వేసుకోవడం మేలు.

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. మా నాయన ఫోనుకు పీఎం కిసాన్ పేరుతో ఒక ఫైలు వచ్చింది. నొక్కి వేసుకున్నాడు. ఫోన్లో యాంటీవైరస్ ఉంది, అయినా ఆపలేదు. వేరేది వేయాలా?

జవాబు: యాంటీవైరస్ మార్చే పని తర్వాత. ముందు ఫోన్లో నెట్ ఆపి ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. ఇంకో ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా లావాదేవీలు ఆపించండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి, ఎంత తొందరగా చెబితే అంత మేలు. తర్వాత ఆ ఫోన్లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి యాక్సెసిబిలిటీలోనూ, డివైస్ అడ్మిన్ యాప్స్‌లోనూ ఆ యాప్ పేరుంటే ఆఫ్ చేసి, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఆ రెండూ ఆఫ్ చేయకపోతే అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయకపోవచ్చు. అప్పటికీ పోకపోతే ఫొటోలు తీసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే దారి. పాస్‌వర్డులు, యూపీఐ పిన్ వేరే ఫోన్లో మార్చాలి.

యాంటీవైరస్ ఎందుకు ఆపలేదంటే, నొక్కితే ఫోన్లో యాప్‌ను ఎక్కించే ఈ ఏపీకే ఫైళ్ళను దొంగలు మాటిమాటికీ కొత్తగా తయారుచేస్తారు. ఆ రోజు పుట్టినదాన్ని ఏ కంపెనీ జాబితా కూడా ఎరగదు. పైగా మీ నాయనే ‘అన్‌నోన్ యాప్స్’కు ఒప్పుకుని, ఎస్సెమ్మెస్ చదివే అనుమతి ఇచ్చాడు. అప్పుడు ఓటీపీలు దొంగకు నేరుగా వెళ్తాయి. సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ తెరిచి వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ మూడింటికీ అనుమతి తీసేయండి. ప్లే స్టోర్లో మీ బొమ్మ నొక్కి ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఉన్న యాంటీవైరస్ ఉండనీయండి, ఇంకొకటి కొనవద్దు. పీఎం కిసాన్ డబ్బు పడిందో లేదో తెలుసుకోవాలంటే గ్రామ సచివాలయానికి వెళ్ళి అడగమనండి.